ఉల్టా తిరిగిన గారె

జర గిటు జరుగు బిడ్డా, ఇంక జర. గా ఫోను బోర్ల పెట్టు, దాన్ల ఉన్నది యాడికి పోదు. నేను చెప్పేది మా వాడకట్టు నిర్మలమ్మ కోడండ్ల ముచ్చట. పెద్దకోడలు భాగ్యలక్ష్మి, చిన్నకోడలు ప్రవళిక. యారాండ్లిద్దరు పొద్దుగాల ఒక్క స్కూటీ మీద చౌటుప్పల్ పోయి, పాల సంఘం ఆఫీసుల పని చేసుకొని, పొద్దుమీకి గా స్కూటీ మీదనే ఇంటికొస్తరు. చూసినోల్లు "సొంత అక్కచెల్లెండ్లు గూడ గిట్లుండరు" అనెటోల్లు. బండి నడిపేది భాగ్య. ఎనక కూసున్న ప్రవళికకు ఆమె ఈపే కనపడేది గని, మొకం కనపడకపోయేది.

సోమారం నాడు మొదలైంది గీ కథ.

ఆఫీసంటే ఎంత, రెండర్రలు. ముందటర్రల పాలు చూసే మిషన్లు, ఎనకర్రల రెండు బల్లలు. భాగ్య ఊరూరి పాల చీటీలు సదిరి, ఏ ఊరివి ఆ ఊరికి కట్టలు కడుతున్నది. చీటీ కొస మడత పడితే బొటనేలుతోని రాకి సాపు చేసినంకనే కట్టల పెడతది, గంత సాఫు పని ఆమెది. గా పనిల ఉండంగ ఎదురుబల్ల కాడ సంఘం అధ్యక్షుడు పరమేష్ గొంతు ఇనపడ్డది.

"గిదేందమ్మా ప్రవళికా, అచ్చం గారె లెక్కున్నది!"

భాగ్య తల లేపింది. ప్రవళిక తన ల్యాప్‌టాప్ ఆయన దిక్కు తిప్పి పెట్టింది. తెర మీద ఒక గుండ్రటి బొమ్మ. నడిమిట్ల బొక్క, సుట్టు ఐదు ముక్కలు, ముక్క ముక్కకు ఒక రంగు. పక్కపొంటి ఐదూర్ల పేర్లు ఒకదాని కింద ఒకటి, పేరు పేరుకు ముందట గా రంగు చుక్క.

"గారెనే అనుకోండ్రి సార్," అని నవ్వింది ప్రవళిక. "పోయినేడు మన కాడికొచ్చి ఇరిగి ఎనక్కి పోయిన పాలున్నయి గద, గవన్ని కలిపితే గీ గారె మొత్తం. ఏ ఊరి వంతు ఎంతనో గా ఊరి ముక్క అంత. సూడంగనే తెలుస్తది సార్, లెక్క చదివే పనే లేదు."

లెక్క చదివే పనే లేదు. గా మాట భాగ్యకు గొంతుల చేప ముల్లు లెక్క అడ్డం పడ్డది. సంఘం మహాసభల ఏటేటా మైకు పట్టుకొని లెక్క చదివేది ఆమెనే. ఊరి పేరు గట్టిగ అని, జర ఆగి, గప్పుడు అంకె చెప్పేది. గా ఆగిన కాడ జనం మెడలు ముందుకు సాపెటోల్లు, చేతిల చాయ కప్పులు గూడ కదలకపోయేటియి. గా ఒక్క దినం కోసమని పట్టుచీర ముందుగాలనే ఇస్తిరి చేయించి పెట్టుకునేది.

"బేష్!" అన్నడు పరమేష్. "గుర్వారం సభల గిదే పెడదం. పాలు ఇరిగి ఇరిగి సంఘం మునుగుతున్నది, ఈసారి ఒక ఊరి సెంటర్ బందు పెట్టక తప్పది. నేను పెట్టిన్నంటే నా మీద పడి ఏడుస్తరు. అందరి ముందట గారె పెడదం, పెద్ద ముక్క ఏ ఊరిదైతే గా ఊరు బందు. నన్ను అననీకి ఎవనికి నోరుండది." మల్ల భాగ్య దిక్కు తిరిగిండు. "భాగ్యమ్మా, ఈసారి ప్రవళిక చెప్తది. నువ్వు జిరాక్సులు తీపిచ్చే పని సూస్కో. రంగులయి వద్దు, మామూలయే సాలు."

"సరే సార్," అన్నది భాగ్య. చేతిల ఉన్న కట్టకు రబ్బరు బ్యాండు ఇంకో సుట్టు తిప్పింది. అది పటుక్కున తెగి ఆమె ఏలుకే కొట్టింది.

పరమేష్ పోయినంక ప్రవళిక కుర్చీ గుంజుకొని దగ్గరికొచ్చి కూసున్నది. నల్లగొండల పెద్ద చదువు చదివొచ్చిన పిల్ల, లెక్కల పిల్ల. దాపరికం తెల్వది. నేర్సుకున్నది ఎవరికన్న చెప్తెనే దానికి నిమ్మళం.

"అక్కా, గిది కంప్యూటర్ల ఆర్ అనే సాఫ్ట్‌వేర్ల చేసిన. ఒక్కక్షరమే దాని పేరు. మనం మాటలు రాస్తం, అది బొమ్మ గీస్తది."

"చేతితోని గీయవా?"

"ఉహు. ముందుగాల ఐదూర్ల వంతులు ఒకదాని మీద ఒకటి పేర్చి నిలువు పట్టె చెయ్యుమంట. మల్ల గా పట్టెను సుట్ట సుట్టుమంట. కొసలు రెండు కలిస్తె ఉంగరం!"

"మరి నడిమిట్ల బొక్క?"

"పట్టె పక్కన ఉత్త జాగా ఇడిచిపెడత అక్కా. సుట్టినంక గా ఉత్త జాగానే నడిమికొచ్చి బొక్కయితది. రంగు గాని, దిక్కు గాని, బొక్క గాని, ఏది మార్చాలన్నా ఒక్క మాట మారిస్తె సాలు."

భాగ్యకు తల్లి కండ్లల్ల మెదిలింది. పాత చీర పేలిక మెలేసి సుట్ట సుట్టి, నెత్తి మీద పెట్టుకొని, దాని మీద పాల క్యాను ఎత్తుకుంటది గోపమ్మ. గా సుట్టబట్టనే గీ పిల్ల కంప్యూటర్ల సుట్టింది. దానికి బేష్ అంట. నడిమిట్ల ఉత్త జాగా ఇడిచినందుకు గూడ బేష్.

"ఇగో, మీ అమ్మోల్ల ఊరు సూడక్కా," అని ప్రవళిక ఉంగరం నెత్తి కాడ, జర ఎడమ దిక్కున్న సన్నటి తునక మీద ఏలు పెట్టింది. "అల్లిగూడెం, మొదటి పేరు. ఎంత తక్వున్నదో! మీ అమ్మ సెంటర్‌కు ఫికరే లేదు." నెత్తి కాడికెల్లి కుడి దిక్కు కిందికి దిగిన ఎర్రటి ముక్క సగం ఉంగరమంత ఉన్నది. "గిది ఆఖరు పేరు, వావిలికుంటది. పాపం, బీరన్న మామ సెంటర్ పోయేటట్టున్నది."

అల్లిగూడెంల పాల సెంటర్ నడిపేది గోపమ్మనే. మొగడు పోయినంక ఆమె పొద్దు పొడిచేది, గూకేది గా సెంటర్ల. తల్లి తునక సన్నగున్నదని చూసి భాగ్య మనసు సల్లబడాలె. పడలె. గా సన్నటి తునకను చూపిచ్చిన ఏలు మీదనే ఆమె కండ్లున్నయి.

మంగళారం మాపటికి నిర్మలమ్మ బొబ్బర్లు రుబ్బి పెట్టింది. చిన్నకొడుకు శ్రీకాంత్, ప్రవళిక మొగడు, మందుల ఫ్యాక్టరీల చేస్తడు, ఆ పిల్లగానికి గారెల మీద పాణం పోయిందట. పొయ్యి కాడ భాగ్య కూసున్నది. గా ఇంట్ల గారెలంటే భాగ్యనే. ఏలు తడి చేసుకొని, ముద్దను అరచేతిల ఒత్తి, నడిమిట్ల పొడిచి నూనెలకు జారిస్తె, గారె తేలంగ బొక్క సరిగ్గ నడిమిట్లనే ఉంటది.

గడపల నిర్మలమ్మ, పక్కింటి బీరమ్మ కూసొని ఉల్లిగడ్డలు కోస్తున్నరు.

"మా చిన్నకోడలు ఆఫీసుల గారె చేసిందట బీరమ్మా. పరమేష్ మస్తు మెచ్చుకున్నడట. సభల మైకు పట్టుకొని మాట్లాడేది గూడ ఆమెనేనట."

"అవునా వదినా! మరి పెద్దకోడలో?"

"పెద్దామె గీడ గారెలు చేస్తనే ఉన్నది గద!"

ఇద్దరు పకపక నవ్విన్రు. కుళ్లుతోని నవ్వింది కాదు, ఉత్తగనే, కూసున్న కాడ పొద్దు పోనీకి. కని భాగ్య జారిడిచిన గారె పడంగ నూనె చిటపటమని ముంజేతి మీద చిందింది. ఆమె చెయ్యి గుంజుకోలె.

ప్రవళిక సాయం చేస్తనని వచ్చి ఒకటి ఒత్తింది. బొక్క ఒక పక్కకు పోయి, నూనెల పడంగనే తెగి కొడవలి లెక్కైంది. అందరు నవ్విన్రు, ఆమె గూడ నవ్వింది. తినేటప్పుడు శ్రీకాంత్ పల్లెంల ఎతికి ఎతికి గా తెగిన గారెనే తీసుకున్నడు. భాగ్య అది చూసింది. ఆమె మొగడు సైదులు, ఐదూర్ల పాలు ఆటోల ఏసుకొచ్చేటాయన, పొద్దంత బండి తోలి అలిసొచ్చి, పల్లెం దిక్కు చూడకుంటనే తిని, "ఉప్పు జర తక్వైంది" అని చెయ్యి కడుక్కున్నడు.

బుధారం పగటీలి భాగ్య జిరాక్స్ షాపుకు పోయింది. పోయే ముందట ప్రవళిక రంగుల కాయిదం ఇచ్చి పైలం చెప్పింది. "గిది శ్రీకాంత్ తీపిచ్చుకొచ్చిండు, ఒక్కటే ఉన్నదక్కా. జిరాక్స్ అయినంక నీ కాడనే భద్రంగ పెట్టు. సభల చేతిల పట్టుకొని చెప్త."

షాపుల హరిత అని సన్నటి పిల్ల. మొదటి కాయిదం మిషన్ల కెల్లి ఎచ్చగ బయటికొచ్చింది. భాగ్య చూసింది. రంగులన్ని బూడిదైనయి. ఎరుపుకు ఆకుపచ్చకు తేడా లేదు. ముక్కల నడుమ తెల్లటి గీతలు మాత్రం ఉన్నయి, పక్కన ఊర్ల పేర్లు ఉన్నయి, పేర్ల ముందట బూడిద చుక్కలు.

"పాల సంఘందా అక్కా? మాది పొట్టిగుట్టనే," అని హరిత కాయిదం దగ్గరికి తీసుకున్నది. రంగు తెల్వకపాయె, ఏం చేస్తది? ఊర్ల పేర్లు వరుసగ చూస్కుంట, పెదవులు కదిలిస్కుంట, ఏలును ఉంగరం నెత్తి మీద పెట్టి కుడి దిక్కు తిప్పింది. గుడి సుట్టు తిరిగేటట్టు, తులసి కోట సుట్టు తిరిగేటట్టు. పొట్టిగుట్ట నాలుగో పేరు, నాలుగో ముక్క కాడ ఆగింది. "ఓయమ్మో, మా ఊరిది గింతున్నదా?"

భాగ్య చేతిల రంగుల కాయిదం ఇప్పింది. హరిత ఏలున్న ముక్క గుండ్లబాయిది. పొట్టిగుట్ట ముక్క దానికి కింద, ఎర్రటి ముక్క పక్కన ఉన్నది. కంప్యూటర్ ఊర్లను నెత్తి కాడికెల్లి ఎడమకు పేర్చుకుంట పోయింది. మనోల్లెవరన్న ఎడమకు తిరుగుతరా? రంగులుంటె ఎటు తిరిగినా ఒక్కటే. రంగులు పోయినంక తిరుగుడే మిగిలింది.

భాగ్య ఫోను తీసింది. ప్రవళిక పేరు అన్నిటి కంటె మీదనే ఉన్నది. ఒక్క మాట మారిస్తె సాలన్నది గద పిల్ల. బొటనేలు గా పేరు మీద దాక పోయి ఆగింది. ఆగిన కాడ సభ కండ్ల ముందటికొచ్చింది. ప్రవళిక చేతిల మైకు, "ఏ ముక్క ఎవలిదమ్మా?" అని ఎవరో అడుగుడు, గా పిల్ల తడబడుడు, జనం నవ్వుడు, పరమేష్ మొకం మాడ్చుకొని "భాగ్యమ్మా, నువ్వే వచ్చి చదువు" అనుడు.

ఫోను మల్ల సంచిల పడ్డది.

"ఎన్ని తియ్యాలక్కా?" అన్నది హరిత.

"సభకు ఎంతమంది వస్తరో అందరికి."

రంగుల కాయిదం నాలుగు మడతలు పెట్టి సంచి లోపలి జేబుల ఏసి జిప్పు గుంజింది. చీటీల మీద ఒక్క చుక్క తప్పు పడితే పట్టే మనిషి భాగ్య. కని గా పొద్దు ఆమెకు నవ్వే జనం కనపడ్డరు గని, ముక్కలన్ని మారినంక ఏది ఎవరి నెత్తిన పడుతదో ఆమె చూస్కోలె.

గుర్వారం పొద్దుగాల ఇల్లంత ఎతుకులాట.

"అక్కా, రంగులది నీ కాడున్నదా?"

"నీ ల్యాప్‌టాప్ పక్కననే పెట్టిన గద!" అన్నది భాగ్య, జడ అల్లుకుంట, అద్దంల కెల్లి కండ్లు తియ్యకుంట.

"అయ్యో, నేను చూడనే లేదు." ప్రవళిక అల్మారల, చాప కింద, ఆఖరికి బియ్యం డబ్బా ఎనక గూడ చూసింది. నిర్మలమ్మ తన పెట్టె తెరిచి ఆకుపచ్చ పట్టుచీర తీసి, "కాయిదం పోతె పోయింది బిడ్డా, ల్యాప్‌టాప్ ఉన్నది గద. గిది కట్టుకో, సభల నిండుగుండాలె" అని గా పిల్ల భుజం మీదేసింది. భాగ్య గా ఇంటికొచ్చి ఎన్నో ఏండ్లాయె, ఆమె కోసమని గా పెట్టె మూత ఎన్నడు లేవలె. చేతి సంచి సంకకు ఇంకింత దగ్గరికి అదుముకున్నది.

సభ స్కూలు ముందట. టెంటు ఏసిన్రు గని అది స్టేజీకే సరిపోయింది, జనమంత ఎండల కుర్చీల మీద కూసున్నరు. ఊరికో గుంపు. అల్లిగూడెం ఆడోల్లను ఎంటేసుకొని గోపమ్మ ముందటి వరుసల కూసున్నది. సుట్టబట్ట ఒడిల ఉన్నది, పాలు దించి అటునుంచటే వచ్చిందాయె.

"బిడ్డా, ఇయ్యాల పట్టుచీర కట్టలే? చదువుతలేవా?"

"ఈసారి చెల్లె చెప్తదమ్మా."

"ఎందుకట్ల? నీ గొంతుకేమైంది?"

భాగ్య కాయిదాల కట్ట ఇప్పింది. తల్లి చేతిల ఒక కాయిదం పెట్టి పక్క వరుసకు పోయింది. అందరికి ఆమెనే పంచింది, ఒక్కొక్కల చేతిల పెట్టుకుంట.

పరమేష్ మైకు పట్టిండు. "అన్నలారా, అక్కలారా, మీ చేతిల గారె ఉన్నది సూడుండ్రి. తినేది కాదు!" జనం నవ్విన్రు. "ఇరిగిన పాలల్ల ఏ ఊరిది ఎంత వంతో దాన్ల ఉన్నది. పెద్ద ముక్క ఏ ఊరిదైతే గా ఊరి సెంటర్ రేపటి నుంచి బందు. నన్నేమనకుండ్రి. ఇగ మా ప్రవళిక చెప్తది."

ప్రవళిక లేచి మైకు కాడికి రాకముందే కాయిదాల మీద ఏళ్లు తిరుగుతున్నయి. అందరియి కుడికే. స్కూలు ముందటంత ఒక్కటే దిక్కు తిరిగే ఏళ్లు. భాగ్య ఒక పక్కకు నిలబడి చూసింది, నవ్వు ఎక్కడ మొదలైతదా అని.

నవ్వు రాలె. గుండ్లబాయి గుంపుల కెల్లి ఒకాయన లేచిండు. "ఓయబ్బో! అల్లిగూడెపోల్లది సగం గారె!"

"మాది సన్నటి తునకనే," అన్నడు వావిలికుంట బీరన్న, కాయిదం దగ్గరికి దూరానికి పట్టుకొని. ఆయనకే నమ్మకం కుదురుతలేదు. "నేననుకోనే లేదు!"

"మొదటి పేరు అల్లిగూడెం, మొదటి ముక్క గింత పెద్దది. సాఫ్ సీదా ఉన్నది. బందు పెట్టుండ్రి!"

గోపమ్మ ఏలు కాయిదం మీద పెద్ద ముక్క కాడనే ఆగి ఉన్నది. లేచి నిలబడ్డది. "మా పాలా? మా పాలిరిగినయా?" ఆమె గొంతు గా లొల్లిల ఎవరికి ఇనపడలె. చేతులకేం చెయ్యాల్నో తెల్వక ఒడిల సుట్టబట్టను తీసుకొని మెలి ఇప్పవట్టింది. సుట్ట ఊడి, పేలికై, చేతిల కెల్లి కిందికి ఏలాడింది.

గప్పుడు భాగ్య చేతిల మిగిలిన కాయిదం మీద తను గూడ ఏలు కుడికి తిప్పింది. మొదటి పేరు, ఆఖరి ముక్క. ఉల్టా తిరిగితే బీరన్న ముక్క వచ్చి తన తల్లి నెత్తినే పడుతది. గింత లెక్క తనకెట్ల తోచలేదు?

"కాదు, కాదు!" మైకుల ప్రవళిక గొంతు చీరుకపోయింది. "అల్లిగూడెంది గది కాదు. వాళ్లది చిన్నది. మీరు ఉల్టా చూస్తున్నరు!"

"మీ అక్క తల్లిగారూరని దాస్తున్నవా పిల్లా?"

"చిన్నకోడలు గీసింది, పెద్దకోడలు పంచింది. ఇంట్లకెల్లే ఒత్తిండ్రు గారె!"

గిప్పుడు నవ్విన్రు. ప్రవళిక ల్యాప్‌టాప్ తెరిచి జనం దిక్కు తిప్పింది. ఎండకు తెర మీద ఏం కానస్తది? ముందు వరుసోల్లకు వాళ్ల మొకాలే కనపడ్డయి. "నువ్వే గీసి నువ్వే కాదంటవేందమ్మా?" అని పరమేష్ గుడ్లురిమిండు. గా పిల్ల నుదుటి మీద చెమట, చెంపల మీద ఎరుపు, నిర్మలమ్మ పట్టుచీర కొంగు ముడి పడి చేతిల నలుగుతున్నది. అయినా మైకు ఇడువలె. "కాదు సార్. అల్లిగూడెంది కాదు సార్" అని అంటనే ఉన్నది.

భాగ్య ఏది చూడాలనుకున్నదో అది ముందటనే ఉన్నది. కడుపు నిండ చూసుకోవచ్చు. కని ఆమె కండ్లు కిందికి ఏలాడే గా పేలిక మీద కెల్లి మల్లుతలేవు.

సంచి జిప్పు గుంజిన సప్పుడు ఆమె ఒక్కదానికే ఇనపడ్డది. మడతల కాయిదం తీసి ఇప్పుకుంట నడిచింది. పరమేష్ కాడికి పోలె, తల్లి కాడికి పోలె. సక్కగ బీరన్న కాడికి పోయింది.

"బీరన్న మామా, నువ్వే చెప్పు. నేను చెప్తె నమ్మరు. పెద్ద ముక్క ఏ రంగున్నది?"

బీరన్న కాయిదం తీసుకొని చూసిండు. "ఎరుపు."

"ఎరుపు చుక్క ముందటున్న పేరేంది?"

ఆయన చూసిండు. మల్ల చూసిండు. పక్కన కూసున్న కొడుకు "నాయినా" అని మోకాలు గిల్లిండు. బీరన్న గొంతు సవరించుకున్నడు.

"మాది. వావిలికుంట."

లొల్లి ఒక్కసారిగ ఆగింది.

"అందరు మీ కాయిదాలు ఉల్టా చెయ్యుండ్రి," అన్నది భాగ్య. మైకు లేకుంటనే, లెక్క చదివే గా గొంతుతోని. "ఎండకు పట్టి ఎనక కెల్లి చూడుండ్రి. గిప్పుడు కుడికి తిరుగుండ్రి."

స్కూలు ముందట కాయిదాలన్ని ఒక్కసారి లేచినయి. మొకాలు కనపడలె, తెల్లటి కాయిదాలు, వాటిల కెల్లి ఎండ, ఎండల బూడిద ఉంగరాలు. ఏళ్లు తిరిగినయి. ముందుగాల సన్నటి తునక వచ్చింది. "అల్లిగూడెం," అన్నరెవరో. ఆఖరుకు పెద్దది.

బీరన్న ఇంక నిలబడే ఉన్నడు. "ఒక్కమాట చెప్త సార్, మల్ల బందు పెట్టుకోండ్రి. బండి ముందుగాల మా కాడికే వస్తది. మా క్యాన్లు ముందెక్కి, ఊరూరు తిరిగి, ఎండకు కాగి ఆఖరుకు దిగుతయి. ఇరగక ఏం చేస్తయి? అల్లిగూడెంది ఆఖరు ఊరు, ఎక్కంగనే దిగుతయి."

అందరు బండాయన దిక్కు, అంటే సైదులు దిక్కు తిరిగిన్రు. "నేనేం జేస్త? మొదటి నుంచి గట్లనే తిరుగుతున్న," అని ఆయన నెత్తి గోక్కున్నడు.

"ఆఖరుకు అత్తగారింట్ల ఉప్పిడి పిండి తిని పోతడు గద!" అని గుంపుల కెల్లి ఒక ఆడామె అన్నది. గా నవ్వుకు పరమేష్ గూడ మెత్తబడ్డడు. "సరే, బందు మాట పక్కకు పెడదం. రేపటి నుంచి బండి ఉల్టా తిప్పుండ్రి. గారె ఉల్టా, బండి ఉల్టా. పాలు గప్పుడు సుత ఇరిగితే చూద్దం." గంతల ఆయనకు ఏదో యాదికొచ్చింది. "అవ్ గని భాగ్యమ్మా, గా రంగుల కాయిదం ఇందాకటి నుంచి యాడుండె?"

భాగ్య సంచి జిప్పు ఇంక తెరిచే ఉన్నది. ప్రవళిక గా సంచిని చూసింది, కాయిదం మీద నాలుగు మడతలను చూసింది. మల్ల మైకు దగ్గరికి తీసుకున్నది.

"నేనే ఇచ్చిన సార్. భద్రంగ పెట్టుమని."

దాన్ల అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే భాగ్యకు తల లేవలె.

సభ ఇడిచిపెట్టినంక గోపమ్మ స్టేజీ కాడికొచ్చింది. బిడ్డను దాటి పోయి ప్రవళికను పట్టుకున్నది. "ముందుగాల నోరు తెరిచి కాదన్నది నువ్వే బిడ్డా. సభంత మీద పడ్డా ఇడువకపోతివి. కన్నబిడ్డ గూడ నీ ఎనకనే లేచింది," అని గా ఊడిన పేలికతోనే పిల్ల నుదుటి చెమట తుడిచింది. భాగ్య పక్కనే నిలబడి ఉన్నది. తల్లి చెయ్యి గా నుదుటి మీద ఎటు తిరిగిందో, ఎంత సేపున్నదో చూసింది. కుళ్లు యాడికి పోలె బిడ్డా, గట్లనే ఉన్నది. కని దాన్ని కక్కనీకి గిప్పుడు జాగా లేదు.

మాపటికి ఇంట్ల, చాప మీద ప్రవళిక ల్యాప్‌టాప్ పెట్టుకొని కూసున్నది. భాగ్య చాయ తెచ్చి పక్కన పెట్టింది. పోయేదే, కాళ్లు పోలె.

"కూసో అక్కా," అన్నది ప్రవళిక, తెర మీది కెల్లి చూపు తియ్యకుంట. "గీడ దిక్కు అని ఉన్నది సూడు. దాని పక్కన ఒకటి. గా ఒకటి ముందట అడ్డగీత పెట్టు, మైనస్ ఒకటి."

భాగ్య ఒక్క ఏలుతోని ఎతికి గా గీత కొట్టింది. ప్రవళిక ఇంకో మీట ఒత్తింది. ఉంగరం మాయమై మల్లొచ్చింది. ఎర్రటి ముక్క అవతలి దిక్కు పోయింది. సన్నటి తునక నెత్తి కాడికెల్లి కుడికొచ్చి మొదట నిలబడ్డది.

"గింతేనా?" అన్నది భాగ్య.

"గింతే." చాయ కప్పు తీసుకొని ప్రవళిక ఊదింది, తాగలె. "ఇది ఉల్టా తిరిగిందని నీకెప్పుడు తెల్సిందక్కా?"

బయట నిర్మలమ్మ చీపురు సప్పుడు. భాగ్య తన ముంజేతి మీద నూనె చింది లేచిన బొబ్బను బొటనేలుతోని సాపు చేస్తున్నట్టు రాకింది.

"జిరాక్స్ షాపుల."

ప్రవళిక తల ఊపింది. ఏడ్వలె, అరవలె. ల్యాప్‌టాప్ మూత నిమ్మళంగ మూసింది.

"మల్లసారి ఫోన్ చెయ్యక్కా," అన్నది.

తెల్లారి పొద్దుగాల స్కూటీ తీసినప్పుడు భాగ్య తాళంచెవి ప్రవళిక చేతిల పెట్టి, తను ఎనక కూసున్నది.

గంతే బిడ్డా. ఇగ నీ ఫోను తీసుకో. కని గీ ముచ్చట నీ కాడనే ఆపకు, యాది పెట్టుకొని ఇంకొకలకు చెప్పు. పేర్లు మరిచిపోయినా మంచిదే, బీరన్న "మాది" అన్న మాట మాత్రం మరువకు. ఇంకొకటి. భాగ్య బొటనేలు గా పేరు మీద దాక పోయిన కాడికొచ్చినప్పుడు ఉరుక్కుంట దాటిపోకు. ఆమె లెక్క చదివినట్టు గాడ జర ఆగు. ఇనేటోల్లు మెడలు సాపనీ. గప్పుడు చెప్పు.